మిడిగుడ్ల దిష్టి

ఒమాన్‌లో గోనూ తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది నా కళ్లు బయటికొచ్చాయి. అప్పుడు నేను మస్కట్‌లో, అజైబాలోని ఒక ఇంట్లో పసిబిడ్డను చూసుకునే పనిలో ఉన్నాను. శుక్రవారం సెలవు దొరికితే మా కడప ఆడవాళ్లమంతా ఒకామె రూములో కలిసేవాళ్లం. గడప దాటానో లేదో రూము ఆమె మొదలుపెట్టేది.

"ఏం మే, ఎవురి మింద కోపం? ఆ గుడ్లేంది అట్ల మిటకరించినావు?"

"కోపం లేదు, ఏం లేదుక్కా. అవే అట్లయినాయి."

"తిన్నదంతా కండ్లకే పట్టిండాది. గూట్లో చోటు చాలక బయటికొచ్చినాయి."

ఆమె మాటలో సగం నిజమే. ఇద్దరి తిండి తింటున్నా ఒళ్లు కరిగిపోతోంది. ఏసీ కింద కూర్చున్నా చెమటలు. టీ కప్పు పట్టుకుంటే సాసరు మీద గలగలలాడేది. నగల షాపు అద్దాల ముందు నిలబడి నిలబడి గుడ్లు అక్కడికే సాగాయని ఇంకొకామె తేల్చింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఇంట్లో మాత్రం నవ్వు రాలేదు. మేడం అత్తగారు, ఆ ఇంటి పెద్దామె, నేను గదిలోకి వస్తే చాలు బిడ్డ ముఖం మీద గుడ్డ కప్పేది. ఒకరోజు కోడలితో అంటుంటే విన్నాను. అప్పటికి ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చు. ఈమె కన్ను మంచిది కాదు, బిడ్డను వేరే మనిషికి అప్పగించండి అంటోంది. వాడు నా భుజం మీద తప్ప నిద్రపోడు. పని ఇంకో ఇంట్లో దొరుకుతుంది, వాడు దొరుకుతాడా?

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. దిష్టి మాటలు వింటూ పెరిగినదాన్నే కదా. ఆ వారమే బిడ్డకు ఒళ్లు వెచ్చబడింది. నా కళ్లే తగిలాయనుకున్నాను. పెద్దామె నమాజులో ఉందని చూసుకుని, పిడికెడు రాళ్లుప్పు తీసి వాడి చుట్టూ తిప్పసాగాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పాపిష్టి దిష్టి, ఈ మిడిగుడ్ల దాని దిష్టి" అని నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను.

గుమ్మంలో పెద్దామె. చేతిలో సాంబ్రాణి పొగ.

ఏం చేస్తున్నావని అడిగింది. నా కళ్లు చూపించాను, బిడ్డను చూపించాను. నా కన్ను వాడికి తగలకూడదని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆమె పొగ తెచ్చింది కూడా అందుకే. ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. పొగను బిడ్డ చుట్టూ తిప్పి, నా చుట్టూ కూడా తిప్పింది. మర్నాటి నుంచి గుడ్డ కప్పడం మానేసింది.

తీరా చూస్తే ఆ జ్వరం పళ్లు వచ్చే జ్వరం. నా కళ్లు మాత్రం సాంబ్రాణికి లొంగలేదు. ఆ శుక్రవారం రూముకి గోదావరి వైపు నర్సమ్మ ఒకామె వచ్చింది. నన్ను నీళ్లు మింగమని, మెడ పట్టి చూసింది.

"ఇది దిష్టీ కాదు, కోపమూ కాదండి. థైరాయిడ్ అయ్యుంటుంది. అది ఎక్కువైతే కొందరికి కంటి వెనకాల కండ వాచిపోద్దండి. ఎముక గూట్లో చోటుండదు కదా, గుడ్డుని ముందుకి తోసేస్తుంది."

"నేను చెప్పలా, చోటు చాల్లేదని!" అంది రూము ఆమె, డాక్టరు చదువు చదివినదానిలా.

పెద్దామే కొడుకుని పురమాయించి నన్ను ఆసుపత్రికి పంపింది. నర్సమ్మ మాటే నిజమైంది. మాత్రలతో చేతుల వణుకు పోయింది, ఒళ్లు నిలబడింది. కళ్లు కాస్త వెనక్కి తగ్గాయి గానీ పూర్తిగా లోపలికి పోలేదు. కొందరికి అంతేనన్నాడు డాక్టరు.

బిడ్డకు మాటలు రాకముందే ఒక విద్య పట్టుబడింది. ఎవరైనా ముద్దుచేస్తే చాలు, కనుబొమలు పైకెత్తి, గుడ్లు రెండూ మిటకరించి వాళ్లనే చూసేవాడు. ఇదెక్కడ నేర్చాడని చుట్టాలు విస్తుపోయారు. పెద్దామె నా గడ్డం పట్టుకుని నా ముఖం వాళ్లవైపు తిప్పింది. ప్రేమగా చూడడమంటే ఇలాగే చూడాలనుకున్నాడు పాపం, వెర్రి నాగన్న.

వంటింట్లోకి పోయి కడుపారా ఏడ్చాను. ఉన్నవి చాలవన్నట్టు కళ్లు ఇంకాస్త ఉబ్బాయి.