పాట చివర చెప్పిన పేరు

మా ధోబీ మీద నా ఫిర్యాదు చిన్నదే. చొక్కా కాలరు లోపల జీడిరసంతో గుర్తు పెట్టేవాడు. చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యేది, గుర్తు మాత్రం పోయేది కాదు. అడిగితే, "గుర్తు లేకుంటె ఎవరిదని ఇయ్యాలె సార్?" అనేవాడు. నేను చదివిన బి.ఏ.లో దానికి జవాబు నేర్పలేదు.

నేనూ ఇంచుమించు ఆ పనే చేసేవాణ్ణి, గ్రామఫోన్ ప్లేట్లకు. పెద్ద కంపెనీలవి ఊరంతా ఉండేవి, వాటి జోలికి పోలేదు. నాకు కావలసినవి రెండేళ్లు నడిచి మూతపడ్డ చిన్న కంపెనీలవి. చిలక బొమ్మవి, దీపం బొమ్మవి, ఒకదాని మీదైతే జింకో మేకో తేల్చుకోలేని బొమ్మ. జుమ్మెరాత్ బజారులో తుప్పు తాళాల పక్కన దొరికేవి. ఇంటికి తెచ్చి, మధ్య కాగితం తడవకుండా కుంకుడు నురుగుతో తుడిచేవాణ్ణి. యుద్ధం రోజులు, ఉక్కు సూదులు దొరికేవి కావు. తుమ్మముల్లు చెక్కి పెట్టి వినేవాణ్ణి. విన్నాక నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి: బొమ్మ, నంబరు, రాగం, పాడినవారు. 'పాడినవారు: తెలియదు' అని రాయవలసి వస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. ఇది మందు లేని జబ్బని మా ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది.

అలా ఒక రోజు మధ్య కాగితమే లేని ప్లేటు ఒకటి దొరికింది. ఒక చిన్నపిల్ల గొంతు, జావళి. ఏ పాట ఎవరిదో కలగాపులగం కాకూడదని, పాడినవాళ్లు చివర తమ పేరు తామే చెప్పడం పాత ప్లేట్లలో ఆనవాయితీ. ఈ పిల్లా చెప్పింది. చెప్పి చిన్నగా దగ్గింది. పేరు నేనెప్పుడూ విననిది. దగ్గు మాత్రం ప్రతి వారం విన్నదే.

అమీర్‌పేటలో మా అద్దె ఇంటి వెనకగోడకు అవతల చర్చి. శనివారం సాయంత్రాలు కీర్తనల సాధన జరిగేది. అందరికంటే ముందు ఎత్తుకునే గొంతు ఒక అక్కది. కంపౌండరు భార్య, నలభై దాటిన మనిషి. చరణం చివర అక్షరాన్ని కొంచెం జార్చి, అలాగే దగ్గేది. ప్లేటు మళ్లీ పెట్టి చూశాను. అదే జారుడు.

జావళి పాడి ప్లేటు ఇచ్చిన పిల్ల ఏ ఇంటిదో ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. మేజువాణీలాడే భోగంవాళ్ల ఇంటిదని తమలో తామే అనేసుకునేవారు. ఇది నాకు తెలియనిది కాదు. అయినా ఒక ఖాళీ నిండిందన్న సంతోషంలో పేరు రాసి, పక్కన 'వీరు ఇప్పుడు అమీర్‌పేట చర్చిలో కీర్తనలు ఎత్తుకుంటారు' అని వివరం కూడా చేర్చాను. కార్బన్ పెట్టి రాశాను. నకలును మాసబ్ ట్యాంకు దగ్గర ఉండే రిటైర్డు మాస్టారికి పంపాను. ఆయనదీ నా పిచ్చే. అది పంపాక గాని అక్కను అడగాలని తోచలేదు. అదీ ఏ సంవత్సరమో కనుక్కోవడానికే.

వెళ్లేసరికి ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది. ప్లేటు చూపించి పాట మొదటి మాట చెప్పాను.

"అక్కా, ఇది ఏ సంవత్సరంల పాడిండ్రు?"

ఆమె చేట పక్కన పెట్టింది. ప్లేటు మధ్య కాగితం లేని చోటును వేలితో తడిమింది.

"పదహారేండ్లప్పుడు. మల్ల ఏడాదికి ఆ ఇల్లు ఇడిసిపెట్టి వచ్చిన. గీ బస్తోళ్లకు నేను పాటలమ్మను, గంతే. చర్చిల గా ముందు బెంచి తప్ప నాకంటూ ఇంకేం లేదు తమ్మీ. ఇంకెవరికన్న చెప్పినవా?" అంది.

"ఒక్కరికే అక్కా."

"ఒక్కరికే," అని ఆమె మళ్లీ చేట అందుకుంది.

సైకిలు మీద పంజాగుట్ట ఎక్కి మాసబ్ ట్యాంకు చేరేసరికి నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మాస్టారు ఎదురొచ్చారు.

"ఏంటండీ ఇంత ఎండలో? అన్నట్టు మీ నోట్సు బ్రహ్మాండం. నిన్న పాటలు వినడానికి వచ్చిన నలుగురికీ చదివి వినిపించాను. మీ అమీర్‌పేట చర్చి పెద్ద ఒకాయన కూడా ఉన్నారు. ఆయనైతే రెండుసార్లు చదివించుకున్నారు," అన్నారు గర్వంగా.

నకలు వెనక్కి అడిగితే ఇచ్చారు. ఇక దానితో చేయగలిగింది ఏమీ లేదు గనుక టీ తాగి వచ్చాను.

ఆ శనివారం పాట ఎత్తుకున్న గొంతు వేరు. హార్మోనియం గోల భరించలేకపోతున్నానని అంతకుముందు పాదిరిగారికి రెండు ఉత్తరాలు రాసినవాణ్ణి, ఆ సాయంత్రం గోడ దగ్గర చివరిదాకా నిలబడ్డాను. ఎవరూ దగ్గలేదు. ఆదివారం గేటు ముందునుంచి పోతూ లోపలికి చూశాను. ఆమె చిట్టచివరి బెంచీలో ఉంది. పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది, పెదాలు కదలడం లేదు.

సోమవారం సాయంత్రం పంజాగుట్ట దవాఖానా నుంచి కంపౌండరు నేరుగా మా ఇంటికి వచ్చాడు. చేతుల దగ్గర టింక్చరు వాసన. ఆయనకు ఎంత తెలుసో, ఏమి తెలుసో నాకు తెలియదు.

"గా ప్లేటు పెట్టు తమ్మీ. ఇంటా."

కీ తిప్పి పెట్టాను. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. తాళం తప్పుతూనే ఉంది, ఆయన ఆపలేదు. పాట ముగియబోతుండగా నేను ముల్లు పైకెత్తాను.

"ఎందుకు తీసినవ్? పెట్టు."

పెట్టాను. పేరు వచ్చింది, దగ్గు వచ్చింది, తరువాత గరగర.

"ఆ కాయితం చింపేసిన అన్నా," అన్నాను. "మీరు చెప్తె ప్లేటు సుత పలగ్గొడ్త."

"ప్లేటు ఏం జేసింది?"

లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"నాకు పెండ్లికి ముందే చెప్పింది. బాప్తిస్మం నాడు అప్పటి పాదిరికి చెప్పింది. చెప్పాల్సినోళ్లకు ఆమెనే చెప్పుకుంది. నిన్నెవరు చెప్పమన్నరు?"