బస్సులో పురుగుమందు వాసన

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తూంకుంట దగ్గర మా ఎకరం చేలో టమాటా వేశాం. ఇద్దరికీ ఉద్యోగాలు కాబట్టి చేను పనంతా బస్సు వచ్చేలోపే. ఆ ఉదయం మావారు పురుగుమందు కొడుతుంటే వీపు మీది డబ్బా కారి బనియన్ తడిసింది. స్నానానికి టైం లేక దానిమీదే ఆఫీసు చొక్కా తొడుక్కుని నాతో బస్సెక్కారు.

హకీంపేట దాటేసరికి ఆయనకు చెమటలు పట్టి, నోట నురగ వచ్చి, నా ఒళ్లో ఒరిగిపోయారు. బస్సంతా పురుగుమందు వాసన.

"అప్పులైనయా అక్కా? ఎందుకు తాగిండు?" అన్నాడు కండక్టరు, బస్సును ఆసుపత్రి వైపు తిప్పిస్తూ.

"తాగలేదన్నా, పొద్దున చేనుకి కొట్టారు."

"అందరు గట్లనే అంటరు," అంది వెనక సీట్లో ముసలామె. "ఇజ్జత్ కోసం దాచకు బిడ్డా, పానం పోతది."

ఆసుపత్రిలోనూ నమ్మలేదు. కడుపు కడగడానికి గొట్టం తెచ్చారు. ముందు వీపు కడగమని అరుస్తూ నేనే చొక్కా చించేశాను. తడి బనియన్ ముట్టుకున్నాక నర్సు సబ్బు తెమ్మంది.

సాయంత్రం ఆయన కళ్లు తెరిచి, "ఆఫీసుకి ఫోన్ చేశావా?" అన్నారు.

పోయినేడు ఆయన గుండెజబ్బుతో పోయారు. పరామర్శకు వచ్చిన పక్క చేనామె, "అప్పుడు పురుగుమందు తాగి కూడా బతికిండు గదమ్మా" అంది. మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఆయన తొందరంతా బస్సు కోసమేనని. ఆమె తలూపింది గానీ, నమ్మలేదు.