మామ తాగని నీళ్లు

మొన్న మా ఇంటి నీళ్ల ఫిల్టరు మొరాయిస్తే బాగుచేసే అతను వచ్చాడు. వస్తూనే సంచిలోంచి పెన్ను లాంటి యంత్రం ఒకటి తీసి గ్లాసులో ముంచి, దాని మీద కనిపించిన అంకెను నాకు చూపి తల అడ్డంగా ఊపాడు. ఆ అంకె పెద్దదైతే మంచిదో చిన్నదైతే మంచిదో నాకు ఎప్పుడూ గుర్తుండదు గనుక నేనూ ఊపాను. "క్యాండిలు ఎప్పుడు మార్పిచ్చినారు సార్?" అని అడిగాడు. ఇంకెవరినైనా అడిగి ఉంటే నోటికి వచ్చిన నెల చెప్పి పంపేవారు. నన్ను అడిగాడు గనుక పాపం పావుగంట స్టూలు మీద కూర్చోవలసి వచ్చింది. నేను లోపలికి వెళ్లి డైరీలు దించాను. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన అలవాటు అది. ఒక్క రోజూ వదల్లేదని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, రాసినవాటిలో గొప్ప సంగతి ఒక్కటీ లేదు. వాన పడిందా లేదా, ఎవరు వచ్చారు, మధ్యాహ్నం ఏం కూర, అంతే. క్యాండిలు మార్చిన తేదీ దొరికింది. దానితోపాటు, అంతకు కొన్ని పేజీల ముందు, ఎర్రసిరాతో కొట్టిన ఒక నిలువు గీత కూడా కనిపించింది. దాని నెత్తిన నా చేతిరాతతో "మామ - గ్లాసులు" అని ఉంది. కింద వరసగా రెండు, రెండు, ఒకటిన్నర, రెండు. ఆ ఒకటిన్నర దగ్గర నాకు నవ్వు ఆగలేదు. సగం గ్లాసును కూడా వదలకుండా లెక్క రాసిన ఘనుణ్ణి నేనే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మాది గొర్రెలు మేపుకునే వంశం. నేను నాలుగు అక్షరాలు నేర్చుకుని ఆఫీసు కుర్చీ ఎక్కాను. మామ మాత్రం కొండాపురం దగ్గరి తన ఊళ్లోనే మంద వెంట ఉండిపోయాడు. గండికోట జలాశయంలో నీళ్లు నింపినప్పుడు ఆ ఊరు మునిగింది. మామ మందను అమ్మేసి, కొత్తగా కట్టిన కాలనీకి మారాడు. అత్త అంతకు ముందే పోయింది. ఆ ఎండాకాలం ఆయన నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడని కబురు వస్తే, వెళ్లి ప్రొద్దుటూరుకు మా ఇంటికి తీసుకొచ్చాను. డాక్టరు స్కానింగు చేసి కిడ్నీలో రాయి ఉందన్నాడు. "రోజుకు మూడు లీటర్లు నీళ్లు తాగల్ల పెద్దాయనా. ఆరు వారాలు చూస్తా. రాయి పోకపోతే ఆపరేషన్ తప్పదు," అని చెప్పాడు. తన జీవితంలో ఎన్నో గొర్రెలకు పుళ్లు కోసి మందు పెట్టిన మామ ఆ మాటకు తెల్లబోయాడు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "గొర్రెను నేను కోసేది వేరే అల్లుడా. నన్ను ఇంకొకడు కోసేది వేరే," అన్నాడు. ఆ రోజు రాత్రికే నేను డైరీలో ఎర్రగీత కొట్టాను. ఆరు వారాలు, రోజుకు పన్నెండు గ్లాసులు.

తీరా చూస్తే ఆయన తాగడు. ముందు కొళాయి నీళ్లు ఇచ్చాం. ముక్కు దగ్గరికి తీసుకుని, "ఏందబ్బా, మందు కొట్టినట్టుండాయి," అని పక్కన పెట్టాడు. ఫిల్టరు నీళ్లు ఇస్తే ఒక గుక్క తాగి, నోట్లోనే తిప్పి చూసి, "ఈట్లో ఏమీ ల్యా. తాగితే తాగినట్టే ల్యా," అన్నాడు. అంగడికి వెళ్లి సీలు వేసిన బాటిలు తెచ్చాను. దాన్ని కింది నుంచి పైదాకా తిప్పి చూసి, మూత దగ్గర అచ్చువేసిన అంకెలు ఏమిటని అడిగాడు. ఎప్పటిలోపు తాగాలో ఆ తేదీ అని చెప్పాను. ఆయన బాటిలును భద్రంగా నాకే తిరిగి ఇచ్చేశాడు. "నీళ్లు గూడ చెడిపోతాయని రాసుకోని అమ్ముతాండారే! ఇవి నీళ్లా, పాలా?" అన్నాడు.

నీళ్ల పట్టింపును చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేను కూడా ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఊరి పేజీలో మొదటి వాక్యం నీళ్ల గురించే రాసేవాణ్ణి. జమ్మలమడుగులో ఉన్నప్పుడు పెన్న ఇసుకలో చెలమ తోడితే ఊరే నీళ్లు బిందెకు పట్టి తెచ్చుకునేవాళ్లం. "పప్పు రెండు పొంగులకే మెత్తబడింది, ఊరు మంచిది," అని ఉంది ఆ ఏటి డైరీలో. పులివెందులలో మా అద్దె ఇంటి బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గులకరాళ్లలాగే ఉండేది. "ఊరివాళ్లు మంచివాళ్లే గానీ పప్పు ఉడకదు," అని రాసుకున్నాను. మనిషిని బట్టి ఊరిని మెచ్చుకోవడం తర్వాత సంగతి, ముందు పప్పు ఉడకాలి. కాబట్టి మామ నోటికి నచ్చే నీళ్లు ఏవో కనిపెడితే చాలు, పని అయిపోతుందనుకున్నాను. మా ఆవిడ మొదటి నుంచీ, "కొళాయి నీళ్లే కాంచి కుండలో పోస్తే వాసన పోతాది, ఇంత రచ్చ ఎందుకు?" అంటూనే ఉంది. నేను వినలేదు. ఏ నీళ్లు అన్నది తేలకుండా కుండ దాకా ఎలా పోతాం అన్నది నా వాదన.

రెండో వారంలో ఒక్కసారిగా అంకెలు లేచాయి. తొమ్మిది, పది, పదకొండు. నేను గ్లాసు నింపి పెట్టి అరుగు మీదికి వెళ్లి పేపరు చదువుకుని వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది. సంతోషంగా అంకె వేసుకునేవాణ్ణి. నాలుగో రోజు మా ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి మల్లెచెట్టు చూపించింది. మండుటెండల్లో, ఆ వీధిలో ఏ చెట్టుకూ లేనంత పచ్చగా ఉంది. "నీ పన్నెండు గ్లాసులూ ఈడుండాయి చూసుకో," అంది. ఆ నాలుగు రోజుల అంకెలనూ కొట్టివేసి పక్కన "మల్లె" అని రాశాను. ఇప్పటికీ అలాగే ఉంది.

నేను గట్టిగా అడిగేసరికి మామ ఒక దారి చెప్పాడు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త చోట మడుగు కనిపిస్తే ముందు గొర్రెను వదులుతారు. అది వాసన చూసి వెనక్కి తిరిగితే మనిషి కూడా ముట్టడు. "నేను చెప్పేది గాదు, నువ్వు చెప్పేది గాదు. నోరులేనిది చెప్పాల. అది ఏ నీళ్లు తాగితే నేనూ అవే తాగుతా," అన్నాడు. మా వీధిలో గొర్రె లేదు. ఎదురింటి దర్జీకి ఒక మేక ఉంది. మేక అనగానే మామ మొహం చిట్లించాడు. "మేకకేం తెలుస్తాది? అది పేపరు గూడ తింటాది," అన్నాడు. చివరికి వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను మూడు బేసిన్లు కడిగి, ఏది ఏదో ఎవరికీ తెలియకుండా అడుగున ఒకటి, రెండు, మూడు అని పెయింటుతో వేసి, కొళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు, బాటిలు నీళ్లు సమానంగా పోసి, నాకూ గుర్తుండకుండా వాటిని తారుమారు చేసి పెరట్లో వరసగా పెట్టాను. "ఆఫీసు మానేసి ఇన్నేండ్లయినా ఫైళ్లకు నంబర్లు ఏసేది పోల్యా," అంది మా ఆవిడ. దర్జీ మేకను తెచ్చాడు. మామ దాని చెవులు, పళ్లు చూసి, "సరే, వదులప్పా," అన్నాడు. నేను డైరీ తెరిచి నిలబడ్డాను. మేక మొదటి బేసిను వాసన చూసింది. రెండోదాన్ని చూసింది. మూడోదానిలో మూతి పెట్టి, తుమ్మి, తీసేసింది. ఆ తర్వాత మా అందరినీ ఒకసారి చూసి, నెమ్మదిగా నడిచి, గోడవార ఉన్న ప్లాస్టిక్ బకెట్టు దగ్గరికి వెళ్లి తల దూర్చింది. గుటగుటమని తాగింది. పక్కటెముకలు ఉబ్బేదాకా తాగింది.

"సూసినావా!" అని మామ తొడ చరిచాడు. "అదీ నీళ్లంటే! ఇంట్లోనే ఇంత మంచి నీళ్లు పెట్టుకోని నాకు ఏవేవో పోస్తాండావే అల్లుడా! తే, ఒక గ్లాసు ఆ బకెట్లోవి."

నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది ఫిల్టరు వడగట్టి బయటికి వదిలేసే నీళ్ల బకెట్టు. నీళ్లలోని ఉప్పంతా దానిలోకే వస్తుంది. మా ఆవిడ బండలు తుడవడానికి వాడుతుంది. ఆ మాట చెప్పగానే దర్జీ తల గోక్కున్నాడు. "ఉప్పంటే దీనికి పానం సార్. నా చెమట అంగీ దండెం మీద ఏస్తే దాన్ని గూడ నాకుతాది," అన్నాడు.

"నేను చెప్పల్యా, మేకకేం తెలుస్తాదని!" అన్నాడు మామ. మొదట దర్జీ నవ్వాడు, తర్వాత మా ఆవిడ, ఆ తర్వాత మామ. మా ఇంటికి వచ్చాక మామ నవ్వడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూనే, పక్కనున్న గ్లాసు తీసుకుని దగ్గర్లో ఉన్న బేసినులో ముంచి గటగటా తాగాడు. మళ్లీ ముంచాడు. మూడోసారి కూడా ముంచాడు. మేక తుమ్మిన బేసిను అదేనని నేను చెప్పేలోపే మూడూ అయిపోయాయి. అది ఏ నంబరో చూద్దామని నేను పరుగెత్తి బేసిను ఎత్తాను. మిగిలిన నీళ్లన్నీ నా పంచె మీద పడ్డాయి. ఎత్తి చూస్తే అడుగున అంకె లేదు. రాత్రంతా ఆరాల్సిన పెయింటును పొద్దున వేసి, తడి నేల మీద పెట్టాను.

"నంబరెందుకయ్యా?" అంది మామను చిన్నాయన అని పిలిచే మా ఆవిడ. "చిన్నాయన ఏ నీళ్లని అడిగినాడా?"

నిజమే. ఆయన అడగలేదు. ఆమె మామ పక్కన అరుగు మీద కూర్చుంది. "చిన్నాయనా, నిజం చెప్పు. నీళ్లు బాగల్యాకనా, ఇంకేమన్నానా?" అంది. మామ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మంద తాగకుండ నేను ఏపొద్దూ తాగల్యామ్మీ. అన్నీ తాగి, ఆఖరి పిల్ల గూడ తల ఎత్తినాకనే మేము దోసిలి పట్టేది. చిన్నప్పట్నించీ అంతే. అవి తాగుతాంటే సూస్తాం గదా, అప్పుడే నాకు దప్పికయ్యేది. ఇప్పుడు అవి ల్యావు. దప్పికే అయ్యేది ల్యా. మీరేమో గ్లాసు నా ముందర పెట్టి పోతారు. ఒక్కన్నే యెట్ల తాగేది? ఆ నీళ్లు బాగల్యావు, ఈ నీళ్లు బాగల్యావని మీకేదో ఒకటి చెప్పాల గదా."

రెండు వారాలుగా నేను రాసింది కొళాయి, ఫిల్టరు, బాటిలు. ఆ మూడు గడుల్లో పట్టే సంగతి కాదు ఇది. ఆ రోజు డైరీలో నేను రాసింది ఒక్క వాక్యమే: "మామ మూడు గ్లాసులు తాగినాడు. ఏ నీళ్లో తెలియదు."

మొదటి రెండు రోజులు దర్జీ మేకనే పిలిపించాం. పూటకు ఒకసారి వచ్చి తాగి వెళ్లేది. మూడో రోజు దర్జీ దండం పెట్టాడు. "మా ఇంట్లో ఇది నీళ్లు ముట్టేదే ల్యా సార్. మీ బకెట్టే కావాలంటాది," అన్నాడు. అప్పుడు మా ఆవిడ తీర్పు చెప్పింది. కాచి కుండలో చల్లార్చిన కొళాయి నీళ్లే ఉంటాయి. గంటకు ఒకసారి ముందు నేను తాగాలి, తర్వాత తను తాగుతుంది, ఆఖర్న చిన్నాయన. మామ కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని, మా ఇద్దరినీ మంద చూసినట్టే చూసేవాడు. "అల్లుడా, అడుగున మిగిల్చినావు. ముగించు," అనేవాడు. ముగించేవాణ్ణి. "నువ్వు గబగబా తాగతాండావమ్మీ, పొర పోయి దగ్గొస్తాది," అనేవాడు. మేము మూతి తుడుచుకున్నాక తను గ్లాసు ఎత్తేవాడు. ఎర్రగీత కింద అంకెలు పన్నెండు, పదమూడు, ఒక ఆదివారం పదిహేను. నా అంకెలు నేను వేసుకోలేదు గానీ, ఆ ఎండాకాలం నేను పెరటివైపు తిరిగినన్ని సార్లు ఉద్యోగకాలమంతా కలిపి తిరిగి ఉండను.

ఆరు వారాలకు డాక్టరు మళ్లీ స్కానింగు చేసి, రాయి పోయిందన్నాడు. సంతోషపడి, "ఏ నీళ్లు తాగినావు పెద్దాయనా? ఫిల్టరా, బాటిలా?" అని అడిగాడు. మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అందరూ తాగినంక తాగినా సామీ," అన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. నేను డైరీ సంచిలో పెట్టుకున్నాను. ఆ నెలలోనే మామ కాలనీకి వెళ్లిపోయాడు. దువ్వూరు వైపు నుంచి రెండు గొర్రెలను తెచ్చుకుని ఇంటి ముందు కట్టుకున్నాడు. మంద అనడానికి రెండు చాలవు గానీ, మామ దాహానికి చాలాయి.

పోయిన నెల పులివెందులలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల వరసలో అందరి ముందూ నీళ్లు పెట్టారు. నేను గ్లాసు చేతిలో పట్టుకుని, ఎందుకో తెలియకుండానే, వరస చివరిదాకా చూస్తూ కూర్చున్నాను. అవతలి మూల ఒక ముసలామె ఇంకా తాగుతోంది. ఆమె గ్లాసు కింద పెట్టేదాకా ఆగాను. పక్క నుంచి మా ఆవిడ మోచేత్తో పొడిచి, "మంద అంతా తాగిందయ్యా, ఇంక తాగు," అంది. ఒక అలవాటు మా మామలో కుదురుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టిందేమో గానీ, నాకు అంటుకోవడానికి ఒక్క ఎండాకాలం చాలింది.