తాళాలక్క చెప్పిన మాట

ప్రధాన కార్యాలయంలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. వేరే దేశాల శాఖల నుంచి బదిలీ మీద వచ్చేవాళ్ళకు ఫ్లాటు తాళాలు, గుర్తింపు కార్డు ఇచ్చేది ఆమే. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల. తాళాలతో పాటు, అడగకపోయినా ఓ సలహా.

"మొదటి ఆర్నెల్లూ మీటింగుల్లో నోరు విప్పకు తల్లీ. కొత్త కోడలిలా ఒదిగి ఉండు."

పంపులు డిజైన్ చేసే ఇంజనీరమ్మాయి ఆ మాటను పొల్లుపోకుండా పాటించింది. ఆర్నెల్లకు, తాళాలు వెనక్కి తీసుకోవాలి కాబట్టి, తాళాలక్క బల్ల మీదికే ఆమె కాగితం నకలు వచ్చింది: 'చొరవ లేదు. వెనక్కి పంపవచ్చు.' మేనేజరు సంతకమే తరువాయి.

మౌనాన్ని మెచ్చుకునే పాత డైరెక్టరు రిటైరై నాలుగేళ్ళయింది. కొత్తాయనకు మాట్లాడేవాళ్ళే కావాలి. ఆ సంగతి తాళాలక్కకు తెలుసు. నోటికి అలవాటైన మాట మాత్రం మారలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదక్కా. దగ్గొచ్చినా ఆపుకున్నాను." నవ్వబోయింది. "నువ్వు ముందే చెప్పబట్టి ఇన్నాళ్ళైనా ఉన్నాను."

తాళాలక్క ఆ తాళాలు ముట్టుకోకుండా లేచి, మేనేజరు గదికి వెళ్ళింది.

"ఆ పిల్ల తప్పేం లేదండీ. నోరు మూయించింది నేను."

ఆయన కలం పక్కన పెట్టాడు. "ఇంకెవరికి చెప్పావమ్మా?"

"వచ్చిన ప్రతివాళ్ళకీ."

ఈ నాలుగేళ్ళలో తిరిగి వెళ్ళినవాళ్ళు ఏడుగురు. వాళ్ళ తాళాలు తీసుకుని, 'మీ రాత ఇంతేలే' అని ఓదార్చి పంపింది కూడా తనే. ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాళ్ళ విషయం ఆయన అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

"మూడు నెలలు పొడిగిస్తాను. నువ్వు తాళాలు మాత్రమే ఇవ్వు. సలహాలొద్దు."

తిరిగొచ్చి తాళాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆ అమ్మాయి తాళాలు సంచిలో వేసుకుంది. తిట్టినా బాగుండేది.

"అయితే రేపు మీటింగులో ఏం మాట్లాడమంటావక్కా?" అంది చివరికి.

తాళాలక్క నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసింది.

"నన్నడక్కమ్మా," అంది.