కాశ్మీరు చలి చదివే బావ

మా ముత్తాత మునసబు. మా తాత అరుగు మీద కూర్చుంటే ఇందుకూరుపేట తగువులు కోర్టు దాకా పోయేవి కావు. అలాంటి ఇంటికి చివరికి మా మేనత్త కొడుకు సలహాదారయ్యాడు.

బావ పొద్దున్నే పంచె ఎగగట్టి, ఫోన్‌ను చేయి చాచినంత దూరాన పట్టుకుని, ఉత్తరాది కొండల్లో చలికాలం ఎలా ఉండబోతుందో పైకి చదివేవాడు. తిరుమల తప్ప మరో కొండ ఎక్కిన మనిషి కాదు.

అప్పటికి మాకు మిగిలిన ఆదాయమల్లా ఒక రొయ్యల గుంట. కార్తీకంలో నాన్న దాని కట్టకు మట్టి వేయించబోతే బావ అడ్డుపడ్డాడు.

"మట్టెందుకు మామా? కాశ్మీరు లోయలో ఈసారి పొడి చలేనంట. అక్కడే లేని వాన ఇక్కడేం పడతాది?"

"మనకు వాన వచ్చేది సముద్రం మీంచి కదరా."

"నువ్వింకా పాతకాలంలోనే ఉండావు మామా."

ఆ మాట పడటం నాన్నకు నామోషీ. మట్టి ట్రాక్టర్లను వెనక్కి పంపేశాడు. వారం తిరక్కుండా వాయుగుండం వచ్చి కట్ట తెగింది. పట్టి అమ్మే అదునుకొచ్చిన రొయ్యలన్నీ కాలువలో కలిశాయి. బావ గొడుగు కింద నిలబడి ఫోన్ చూశాడు.

"లోయలో మాత్రం చెప్పినట్టే పొడిగా ఉండాది మామా."

ఆ వేసవిలో గుంటనూ, పక్కనే బీడుపడిన మాగాణినీ మనుబోలు వాళ్లకు అమ్మాం.