ఉప్పు రోడ్డు మీద పాత వ్యాగన్

కెనడాలోని సార్నియాలో పాండురంగగారిని కొందరు పిసినారి అన్నారు, కొందరు పాత కార్ల పిచ్చివాడన్నారు. రెండూ సరికావు. ఆయన దగ్గరున్న పాత అమెరికన్ స్టేషన్ వ్యాగన్‌కు, అంటే మూడు వరసల సీట్లున్న పొడవాటి కారుకు, పక్కల చెక్కను పోలిన పట్టీలుండేవి. చివరి సీటు వెనక్కి తిరిగి ఉండేది. ఒకప్పుడు ఆయన పిల్లలు అందులో కూర్చుని వెనక వచ్చేవాళ్లకు చేతులూపేవారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుందని, చలికాలమంతా దాన్ని గరాజ్‌లోనే ఉంచి పాత పంచెముక్కతో తుడుస్తుండేవారు. ఒక జనవరి ఉదయం బస్సు రాలేదు. పరీక్షకు వెళ్లవలసిన ఏడుగురు కాలేజీ విద్యార్థులు ఆయన ఇంటి ముందు స్టాప్‌లో వణుకుతూ నిలబడ్డారు. ఆయన వ్యాగన్ బయటకు తీశారు.

"అంకుల్, రోడ్డంతా ఉప్పే. తుప్పు పట్టదా?" అంది వారిలో వాసవి.

"పడుతుందమ్మా. ముందు ఎక్కండి. చివరి సీట్లో కూర్చున్నవాళ్లు చేతులూపాలి, అదీ రూలు."

ఆ వేసవికి తలుపుల అంచులు తుప్పుపట్టాయి. ఆయన చేసింది ఇంతే: ఏడుగురిని వేళకు పరీక్షకు చేర్చారు.