తెల్ల పీచు

టైలరమ్మకు ఒళ్ళు మండిపోతోంది. కంట్లో పొర ముదిరి, సూదిలో దారం ఎక్కించాలన్నా పక్కింటివాళ్ళను బతిమాలాల్సి వస్తోంది. బడులు తెరిచేలోగా మనవరాలి మొదటి యూనిఫాం తన చేత్తో కుట్టాలని ఆవిడ పట్టుదల. కంటి డాక్టరేమో, ఇంట్లో రోజూ చూసుకున్న షుగర్ అంకెల పుస్తకం తిరగేసి, "ఇది తగ్గాకే ఆపరేషన్" అని రెండుసార్లు వెనక్కి పంపాడు.

తమ్ముడు కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. "అక్కా, కమలాపండు తొక్క కింద తెల్ల పీచుంటుంది చూడు, అందులో ఫ్లేవనాయిడ్లనే పదార్థాలుంటాయి. అవి పెడితే ఎలుకలకు షుగర్ తగ్గిందట. మనుషుల సంగతి ఇంకా తేలలేదు, మందులు మాత్రం మానకు" అన్నాడు. ఆవిడ మానలేదు.

ముక్కలన్నీ కత్తిరించి సిద్ధం చేసుకున్నాకే కుట్టుకు కూర్చోవడం ముప్పై ఏళ్ళ అలవాటు. ఇక్కడా అంతే. పొద్దున్నే పండు ఒలిచి, పీచంతా పళ్ళెంలో పెట్టుకుని, అప్పుడు వేలు పొడుచుకునేది. పరీక్ష పరగడుపున కదా, తినడం ఆ తర్వాతే. రెండు వందల అరవై. మర్నాడు రెండు వందల ఎనభై. అన్నం సగం చేసింది, టీలో చక్కెర మానింది, నోరు చచ్చిపోయింది. అంకె దిగితేగా!

"పీచు చాలడం లేదేమోనే, ఇంకో పండు ఒలువు" అన్నాడు తొనలు నములుతూ మొగుడు. రెండు నెలల్లో ఆయన మాత్రం నిగనిగలాడుతున్నాడు.

మూడోసారీ డాక్టరు పుస్తకం మూయబోతుంటే ఆవిడ ఏడ్చేసింది. "ఇంకేం మానమంటారు బాబూ, గాలి పీల్చడమా?"

నర్సు పక్కకు తీసుకెళ్ళి, పరీక్ష ఎలా చేసుకుంటోందో అడిగింది. అంతా విని, సబ్బుతో చేతులు కడిగించి, వేలు పొడిచింది. నూట పద్దెనిమిది.

"వేలికి పండు రసం అంటుకుంటే మీటరు దాన్నీ లెక్కేస్తుందమ్మా. ముందు చేతులు కడుక్కోవాలి, అందరికీ తెలిసిందేగా!"

"అందరికీ తెలిస్తే నాకొక్కరైనా చెప్పరేం?" అని గయ్యిమంది టైలరమ్మ. పీచు పనిచేసిందో, మందులే చేశాయో తమ్ముడు కూడా చెప్పలేడు. తన రెండు నెలలు మాత్రం మట్టిగొట్టుకుపోయాయి.

ఆసుపత్రి ల్యాబులో ఇంకోసారి చూశాక డాక్టరు వచ్చే బుధవారం ఆపరేషన్‌కు రమ్మన్నాడు. బడులు తెరిచి అప్పటికే పది రోజులైంది. ఆ సాయంత్రం మనవరాలు బజార్లో కొన్న యూనిఫాం గౌనుతో ఒళ్ళో వాలింది. చంకల దగ్గర రెండు వేళ్ళు వదులు. చూపు ఆనకపోయినా ఆవిడ చేతికి తెలిసింది.